పార్టిషన్లు మార్చాక విండోస్ తెరుచుకోకపోతే: ఏ లంకె తెగిందో ముందు చూడాలి

కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక్క సీ డ్రైవే ఉంటే దాన్ని సీ, డీ, ఈ అని విడగొట్టేదాకా మనవాళ్లకు నిద్ర పట్టదు. రెండేళ్లు తిరిగేసరికి సీ నిండిపోతుంది. అప్పుడు డీని తీసేసి సీలో కలపాలనుకుంటారు. కొందరు పక్కన ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్ వేసుకోవడానికి చోటు చేస్తారు, వద్దనుకున్నాక దాన్ని చెరిపేస్తారు. ఇంకొందరు పాత హార్డ్‌డిస్క్‌ను ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేస్తారు. ఈ పనుల్లో ఏది చేశాక రీస్టార్ట్ చేసినా నీలి తెరో, నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అనే మాటో కనిపించవచ్చు. వెంటనే వచ్చే సలహా ఒకటే: 'ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయించు'. చాలాసార్లు ఆ అవసరం ఉండదు. ఫైళ్లు డిస్క్ మీద ఎక్కడివక్కడే ఉంటాయి, చెడింది వాటిని చేరడానికి రాసిపెట్టుకున్న చిరునామా మాత్రమే. అలాంటి చిరునామాలు నాలుగున్నాయి. వాటిలో ఏది చెడిందో తేలితే మరమ్మతు పది నిమిషాల పని. తేలకుండా వీడియోల్లో చూసిన ఆదేశాలన్నీ వరసగా కొడితే, బాగున్నవి కూడా చెడతాయి.

(కింద ఆదేశాలు పలికినట్టే తెలుగు లిపిలో ఉన్నాయి. టైపు చేయాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లో.)

నాలుగు చిరునామాలు

విండోస్ 8 కాలం నుంచి వచ్చిన దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లు యూఈఎఫ్‌ఐ అనే కొత్త ఫర్మ్‌వేర్ పద్ధతిలో బూట్ అవుతాయి, డిస్క్ మీద పార్టిషన్ల పట్టిక జీపీటీ పద్ధతిలో ఉంటుంది. అందులో ముందుగా ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ ఉంటుంది. ఇది ఫ్యాట్32లో ఉండే 100 నుంచి 260 ఎంబీల చిన్న ముక్క. దాని పక్కన విండోస్ తన కోసం ఉంచుకునే, పైకి కనబడని 16 ఎంబీల ఎంఎస్‌ఆర్, ఆ తర్వాత సీ డ్రైవ్, సీకి ఆనుకుని అర జీబీ నుంచి ఒక జీబీ దాకా ఉండే రికవరీ పార్టిషన్ ఉంటాయి.

పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ తన జ్ఞాపకంలో ఉన్న 'విండోస్ బూట్ మేనేజర్' నమోదును చదువుతుంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఏదో, అందులో ఏ ఫైలు నడపాలో ఆ నమోదు చెబుతుంది. ఇది మొదటి చిరునామా. ఆ ఫైలు నడిచి, పక్కనే ఉన్న బీసీడీ అనే చిన్న డేటాబేస్‌ను తెరుస్తుంది. ఇది రెండోది. విండోస్ ఏ పార్టిషన్‌లో ఉందో బీసీడీలో రాసి ఉంటుంది, అది మూడోది. విండోస్ లేవకపోతే ఏ రికవరీకి వెళ్లాలో కూడా అందులోనే ఉంటుంది, అది నాలుగోది.

అసలు సంగతి ఈ చిరునామా రాసుకునే తీరులో ఉంది. జీపీటీ డిస్క్‌లో ప్రతి పార్టిషన్‌కూ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది, బీసీడీ దాన్నే రాసుకుంటుంది. కాబట్టి సీ డ్రైవ్‌ను కుడివైపు నుంచి తగ్గించినా పెంచినా ఏమీ కాదు. అదే చోట, అదే సైజులో ఉన్నా సరే, ఒక పార్టిషన్‌ను చెరిపి మళ్లీ సృష్టిస్తే కొత్త సంఖ్య పడుతుంది, పాత చిరునామా చెల్లదు. జీపీటీకి ముందున్న ఎంబీఆర్ పద్ధతి డిస్క్‌లో లెక్క వేరు. అక్కడ డిస్క్ సిగ్నేచర్ అనే గుర్తింపు సంఖ్యనూ, పార్టిషన్ మొదలయ్యే స్థానాన్నీ కలిపి గుర్తుపెట్టుకుంటారు. ఏదీ చెరపకపోయినా, జీపార్టెడ్ లాంటి సాధనంతో సీ డ్రైవ్ మొదలును కొంచెం ఎడమకు జరిపితే చాలు, మర్నాడు విండోస్ లేవదు. 'నేనేమీ డిలీట్ చేయలేదు, సైజు మార్చానంతే' అనేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

తెర ఏం చెబుతోంది

తయారీ కంపెనీ లోగో తర్వాత 'బూటబుల్ డివైస్ లేదు' అనే మాట వస్తే మొదటి చిరునామా చెడినట్టు. ఈఎఫ్‌ఐ పార్టిషన్ పోయి ఉండాలి, లేదా బయోస్‌లో, అంటే ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో, యూఈఎఫ్‌ఐకి బదులు లెగసీ (పాత పద్ధతి) పెట్టి ఉండాలి. బయోస్ సెట్టింగ్ చూడటానికి నిమిషం పట్టదు కాబట్టి ముందు అదే చూడాలి.

నీలి తెర మీద 0ఎక్స్‌సీ000000ఎఫ్, 0ఎక్స్‌సీ000000ఈ, 0ఎక్స్‌సీ0000225 లాంటి కోడ్ వస్తే అది ఒకరకంగా శుభవార్త. బూట్ మేనేజర్ నడిచింది, బీసీడీ దొరకలేదు లేదా బీసీడీ చెప్పిన చోట విండోస్ లేదు. అంటే చెడింది రెండో మూడో చిరునామా.

విండోస్ గుర్తు కనిపించి, చుక్కలు తిరిగి, ఆ తర్వాత 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని వస్తే దారి వేరు. బూట్ మేనేజర్ పని ముగిసింది, విండోస్ కెర్నల్ లేచింది, కానీ డిస్క్‌తో మాట్లాడే డ్రైవర్ అందలేదు. ఉబుంటు ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనబడటం లేదని బయోస్‌లో డిస్క్ కంట్రోలర్ మోడ్‌ను రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చినప్పుడు తరచుగా ఇదే జరుగుతుంది. ఇక్కడ బీసీడీ ఆదేశాలు ఎన్ని కొట్టినా లాభం లేదు. సెట్టింగ్ వెనక్కి మార్చాలి, విండోస్‌లోకి వెళ్లి 'బీసీడీఎడిట్ /సెట్ సేఫ్‌బూట్ మినిమల్' ఇవ్వాలి, అప్పుడు ఏహెచ్‌సీఐకి మార్చి ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపాలి. ఆ బూట్‌లో విండోస్ సరైన డ్రైవర్‌ను ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత 'బీసీడీఎడిట్ /డిలీట్‌వాల్యూ సేఫ్‌బూట్' ఇవ్వడం మరిచిపోతే ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే తెరుచుకుంటుంది.

డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే అది చెడిపోవడం కాదు. బూట్ వ్యవస్థలో మార్పు జరిగిందని గమనించి తాళం వేసుకుంది, అంతే. విండోస్ 11 24హెచ్2ను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. తమ డిస్క్‌కు తాళం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. కీ ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. కీ దొరక్క ముందే ఏదీ చెరపకూడదు.

ముందుగా పెన్‌డ్రైవ్

విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్, పని చేస్తున్న మరో కంప్యూటర్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ ఉంటే సరిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ వాడాలి. ఏసర్‌లో ఎఫ్12 పని చేయాలంటే ముందు బయోస్‌లో బూట్ మెనూను ఆన్ చేయాల్సి రావచ్చు. జాబితాలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. భాష అడిగే తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. 'ఇన్‌స్టాల్' బటన్ జోలికి పోనక్కరలేదు.

అందులో 'డిస్క్‌పార్ట్' అని కొట్టి ఆ పార్టిషన్ సాధనాన్ని తెరిచి 'లిస్ట్ డిస్క్' కొడితే డిస్క్‌లు కనిపిస్తాయి. జీపీటీ కాలమ్‌లో నక్షత్రం గుర్తు (*) ఉంటే అది జీపీటీ డిస్క్. లోపలి డిస్క్ అసలు కనబడకపోతే కంగారు పడనక్కరలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవర్ విండోస్ పెన్‌డ్రైవ్‌లో లేకపోవచ్చు. తయారీ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని 'డీఆర్‌వీలోడ్' ఆదేశంతో ఎక్కిస్తే డిస్క్ బయటపడుతుంది.

'సెలెక్ట్ డిస్క్ 0', ఆపై 'లిస్ట్ వాల్యూమ్'. ఇక్కడ డ్రైవ్ అక్షరాలను నమ్మకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి లేచినప్పుడు విండోస్ ఉన్న పార్టిషన్‌కు డీ అక్షరం పడొచ్చు, డేటా డ్రైవ్‌కు సీ పడొచ్చు. సైజు చూసి, 'ఎగ్జిట్'తో డిస్క్‌పార్ట్ నుంచి బయటికొచ్చి, 'డిర్ సీ:\' కొట్టి విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఎక్కడున్నాయో నిర్ధారించుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే ఆ డ్రైవ్ తెరుచుకోదు. 'మేనేజ్-బీడీఈ -అన్‌లాక్ సీ: -రికవరీపాస్‌వర్డ్' తర్వాత 48 అంకెలూ హైఫన్లతో సహా ఇవ్వాలి. ఈ అడుగు దాటేస్తే తర్వాతి ఆదేశం విఫలమవుతుంది, ఎందుకో అర్థం కాదు.

యూఈఎఫ్‌ఐ కంప్యూటర్‌కు బీసీడీబూట్ ఒక్కటే

బూట్‌రెక్ ఆదేశాలు, అంటే ఫిక్స్‌ఎంబీఆర్, ఫిక్స్‌బూట్, రీబిల్డ్‌బీసీడీ, అన్ని వీడియోల్లోనూ ఉంటాయి. అవి ప్రధానంగా ఎంబీఆర్ కాలపువి. జీపీటీ డిస్క్‌లో ఫిక్స్‌ఎంబీఆర్ రాసే కోడ్‌ను యూఈఎఫ్‌ఐ చదవనే చదవదు. ఫిక్స్‌బూట్ చాలాసార్లు 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటుంది. అది కొత్త సమస్య కాదు, సరిపడని సాధనం వాడామన్న సూచన. దాన్ని దాటడానికి గంటలు ఖర్చు చేయడం వృథా.

చేయాల్సింది చాలా తక్కువ. డిస్క్‌పార్ట్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను, అంటే ఫ్యాట్32లో ఉన్న చిన్నదాన్ని, ఎంచుకుని 'అసైన్ లెటర్=ఎస్' ఇవ్వాలి. 'ఎగ్జిట్' తర్వాత:

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ

'బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్' అని వస్తే పని అయినట్టే. ఈ ఒక్క ఆదేశం సీ డ్రైవ్‌లోని విండోస్ నుంచే బూట్ ఫైళ్లను కాపీ చేస్తుంది, బీసీడీలో కొత్త గుర్తింపు సంఖ్య రాస్తుంది. రెండో, మూడో చిరునామాలు ఒకేసారి కొత్తవవుతాయి. /ఎస్ వాడినప్పుడు ఫర్మ్‌వేర్‌లోని మొదటిదాన్ని ఇది రాయకపోవచ్చు, అప్పుడు ఫర్మ్‌వేర్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని డిఫాల్ట్ బూట్ ఫైలును వెతికి లేపుతుంది. బీసీడీ ఫైలే పాడైందన్న అనుమానం ఉంటే ముందు ఎస్:\ఈఎఫ్‌ఐ\మైక్రోసాఫ్ట్\బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి, 'యాట్రిబ్ -ఎస్ -హెచ్ -ఆర్ బీసీడీ' ఇచ్చి, దాని పేరు బీసీడీ.ఓల్డ్‌గా మార్చి ఆ తర్వాత కొట్టాలి.

ఈఎఫ్‌ఐ పార్టిషనే చెరిగిపోయి ఉంటే? '100 ఎంబీ ముక్క దేనికిలే' అని తీసేసేవాళ్లకు కొదవలేదు. మామూలు డిస్క్ మేనేజ్‌మెంట్ అందుకు ఒప్పుకోదు, మూడో కంపెనీ సాధనాలు ఒప్పుకుంటాయి. అప్పుడు విండోస్ వాల్యూమ్‌ను ఎంచుకుని 'ష్రింక్ డిజైర్డ్=260' ఇచ్చి చోటు చేసి, 'క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260', 'ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32', 'అసైన్ లెటర్=ఎస్' వరసగా ఇచ్చి, పైన చెప్పిన బీసీడీబూట్ నడపాలి. అది డిస్క్ మొదట్లోనే ఉండాలన్న నియమం లేదు, చివర ఉన్నా బూట్ అవుతుంది. 260 ఎందుకంటే, 4కే సెక్టార్ల డిస్క్‌లో ఫ్యాట్32కు కనీసం అంత కావాలి. మిగతా డిస్క్‌లలో 100 చాలు గానీ, లైనక్స్ కూడా వేసుకునే ఉద్దేశం ఉంటే ఆ కొంచెం ఎక్కువ చోటు పనికొస్తుంది.

పోయింది విండోస్ ఉన్న పార్టిషనే అయితే కొత్త పార్టిషన్ సృష్టించకూడదు, ఫార్మాట్ అస్సలు చేయకూడదు. పార్టిషన్‌ను చెరిపినప్పుడు పట్టికలో దాని వరస పోతుంది, లోపలి డేటా వెంటనే పోదు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనంతో క్విక్ సెర్చ్, అవసరమైతే డీపర్ సెర్చ్ నడిపి, దొరికిన పార్టిషన్‌లో ఫైళ్లు కనిపిస్తున్నాయని చూసుకున్నాకే రైట్ నొక్కాలి. తిరిగి వచ్చిన పార్టిషన్‌కు కొత్త గుర్తింపు సంఖ్య పడొచ్చు కాబట్టి ఆ తర్వాత బీసీడీబూట్ తప్పదు. ఎస్‌ఎస్‌డీ మీద క్విక్ ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం ఆశ తక్కువ. ఫార్మాట్‌తో పాటు ట్రిమ్ ఆదేశం వెళ్తుంది, డ్రైవ్ ఆ బ్లాకులను ఖాళీ చేసేస్తుంది.

పాత ఎంబీఆర్ కంప్యూటర్లు

విండోస్ 7 నాటి డెస్క్‌టాప్‌లు ఇంకా చాలా దుకాణాల్లో, స్కూళ్లలో నడుస్తూనే ఉన్నాయి. వాటిలో డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు పట్టిక, చివరి రెండు సంతకం. ఒక్కో వరసకు 16 బైట్లు కాబట్టి ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. ఐదోది చేయబోతే డిస్క్ మేనేజ్‌మెంట్ 'డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను' అని అడుగుతుంది. చదవకుండా ఓకే నొక్కితే ఆ డిస్క్‌లో ఉన్న ఇతర ఓఎస్‌లు లేవవు, వెనక్కి రావడానికి విండోస్ ఇచ్చే మార్గం వాల్యూమ్‌లన్నీ చెరపడమే.

ఇక్కడ బూట్‌రెక్‌కు విలువ ఉంది. 'బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్' అని వస్తే తరచూ కారణం, ఏ పార్టిషన్ నుంచి బూట్ కావాలో చెప్పే యాక్టివ్ గుర్తు వేరే పార్టిషన్‌కు మారడం. 'సిస్టమ్ రిజర్వ్‌డ్' అనే పార్టిషన్‌ను, అది లేకపోతే సీని, ఎంచుకుని 'యాక్టివ్' కొట్టాలి. తర్వాత బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్, బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్. చివరగా అదే పార్టిషన్‌కు అక్షరం ఇచ్చి, బీసీడీబూట్‌ను ఈసారి '/ఎఫ్ బయోస్' అని నడపాలి.

విండోస్ లేస్తుంది, రికవరీ లేవదు

నాలుగో చిరునామా చెడితే పైకి ఏమీ తెలియదు. 'రీసెట్ దిస్ పీసీ' నొక్కిన రోజున 'రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకలేదు' అంటుంది, అదీ అత్యవసరమైన రోజునే.

దీనికి మూలం డిస్క్ అమరికలో ఉంది. సీకి కుడివైపున రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది, దాని అవతల డీ ఉంటుంది. డీని తీసేసినా 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మసకగానే ఉంటుంది, ఎందుకంటే ఖాళీ చోటు సీకి ఆనుకుని లేదు. ఓపిక నశించి రికవరీని చెరిపేస్తారు. చెరపడం తప్పు కాదు, చెరిపే పద్ధతి ఒకటి ఉంది. 2024 జనవరిలో కేబీ5034441 అప్‌డేట్ 0ఎక్స్80070643 ఎర్రర్‌తో ఎన్నో కంప్యూటర్లలో ఆగిపోయింది కూడా ఈ పార్టిషన్ వల్లే. దానికి రికవరీలో 250 ఎంబీల ఖాళీ కావాలి, పాత 500 ఎంబీల పార్టిషన్లలో అంత లేదు.

అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు 'రీఏజెంట్‌సీ /ఇన్ఫో' కొట్టి, రికవరీ ఏ డిస్క్‌లో ఎన్నో పార్టిషన్‌లో ఉందో రాసుకోవాలి. తర్వాత 'రీఏజెంట్‌సీ /డిజేబుల్'. దీంతో విన్‌ఆర్‌ఈ.విమ్ అనే అసలు ఫైలు సీ:\విండోస్\సిస్టమ్32\రికవరీలోకి వస్తుంది. అది దాగి ఉంటుంది, 'డిర్ /ఏ' కొట్టి ఉందని కళ్లారా చూసుకున్నాకే ముందుకు పోవాలి. మొత్తం వ్యవహారంలో అందరూ దాటేసే అడుగు ఇదే. డిజేబుల్ చేయకుండా పార్టిషన్ చెరిపితే ఆ ఫైలు దాంతోపాటే పోతుంది.

డిస్క్‌పార్ట్‌లో ఆ పార్టిషన్‌ను ఎంచుకుని 'డిటైల్ పార్టిషన్' ఇస్తే దాని టైప్, యాట్రిబ్ విలువలు కనిపిస్తాయి. ఫోన్‌తో ఫొటో తీసుకుని, 'డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్' ఇవ్వాలి. ఇప్పుడు సీని పెంచవచ్చు, కానీ చివర 1024 ఎంబీ వదలాలి. ఆ ఖాళీలో 'క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ', 'ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్', తర్వాత 'సెట్ ఐడీ=' అని ఫొటోలోని టైప్ విలువ ఇవ్వాలి. జీపీటీలో అది డీఈ94బీబీఏ4-06డీ1-4డీ40-ఏ16ఏ-బీఎఫ్‌డీ50179డీ6ఏసీ. ఎంబీఆర్‌లో అయితే 27. జీపీటీకి 'జీపీటీ యాట్రిబ్యూట్స్=0ఎక్స్8000000000000001' కూడా ఇస్తే దానికి డ్రైవ్ అక్షరం పడదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎవరూ పొరపాటున చెరపలేరు. చివరగా 'రీఏజెంట్‌సీ /ఎనేబుల్', మళ్లీ '/ఇన్ఫో'. స్టేటస్ ఎనేబుల్డ్ అని, కొత్త పార్టిషన్ నంబరుతో కనిపించాలి.

'విండోస్ ఆర్‌ఈ ఇమేజ్ దొరకలేదు' అంటే రెండే కారణాలు చూడాలి. ఫైలు ఉండి కూడా అలా అంటుంటే, అదే రికవరీ ఫోల్డర్‌లోని రీఏజెంట్.ఎక్స్‌ఎంఎల్ పాత చిరునామాను పట్టుకుని ఉంది. దాని పేరు మార్చి మళ్లీ ఎనేబుల్ చేస్తే కొత్తది తయారవుతుంది. ఫైలే లేకపోతే, అదే వెర్షన్ విండోస్ ఐఎస్‌ఓలోని ఇన్‌స్టాల్.విమ్‌ను సెవెన్-జిప్‌తో తెరిచి, విండోస్\సిస్టమ్32\రికవరీ నుంచి విన్‌ఆర్‌ఈ.విమ్‌ను తీసి అక్కడ పెట్టాలి.

కంపెనీ ఇచ్చిన ఫ్యాక్టరీ రికవరీ వేరే సంగతి. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్, ఎఫ్10 కలిపి, ఆసుస్‌లో ఎఫ్9 నొక్కితే వచ్చేది పలు జీబీల మరో పార్టిషన్. దాన్ని చెరిపితే పైన చెప్పిన ఏ ఆదేశమూ తిరిగి తేదు. కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు రికవరీ ఇమేజ్ ఇస్తున్నారేమో చూడటమే మిగులుతుంది.

ఉబుంటును చెరిపాక

విండోస్‌లో కూర్చుని లైనక్స్ పార్టిషన్‌ను తీసేస్తే, లైనక్స్‌ను లేపే గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్ తొలి ముక్క మాత్రం ఎంబీఆర్‌లోనో, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనో మిగిలిపోతుంది. తన మిగతా భాగం కోసం వెతికి, దొరక్క ప్రాంప్ట్ దగ్గర ఆగుతుంది. యూఈఎఫ్‌ఐలో 'గ్రబ్>' అని ఉంటే 'ఎగ్జిట్' కొడితే చాలు, ఫర్మ్‌వేర్ తర్వాతి నమోదుకు, అంటే విండోస్‌కు వెళ్తుంది. లేదా బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తేవాలి. తర్వాత ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు అక్షరం ఇచ్చి అందులోని ఉబుంటు ఫోల్డర్‌ను తీసేయవచ్చు. ఎంబీఆర్ అయితే పెన్‌డ్రైవ్ నుంచి బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్.

ఉబుంటు ఉండాలి, పార్టిషన్ నంబరు మారిందంతే అన్నప్పుడు ప్రాంప్ట్ దగ్గరే 'ఎల్‌ఎస్' కొట్టి ఒక్కొక్కదాన్నీ చూడాలి. బూట్ ఫోల్డర్ ఉన్నది (హెచ్‌డీ0,జీపీటీ5) అనుకుంటే, 'సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ5)', 'సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ5)/బూట్/గ్రబ్', 'ఇన్స్‌మాడ్ నార్మల్', 'నార్మల్'. లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడపకపోతే మళ్లీ బూట్ చేసినప్పుడు కథ మొదటికొస్తుంది. ఉబుంటు తెరుచుకోవడానికి ప్రతిసారీ నిమిషంన్నర ఆగుతుంటే స్వాప్ పార్టిషన్ కొత్తదై దాని యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) మారి ఉండవచ్చు. 'బీఎల్‌కేఐడీ'తో కొత్తది చూసి /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో సరిచేయాలి.

క్లోన్ చేసినప్పుడు

క్లోన్ అంటే గుర్తింపు సంఖ్యలతో సహా నకలు తీయడం కావచ్చు. అప్పుడు పాతదీ కొత్తదీ ఒకే కంప్యూటర్‌లో ఉంటే రెండు డిస్క్‌లకూ ఒకే గుర్తింపు. విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. అంతకన్నా చిక్కైనది, కొత్త ఎస్‌ఎస్‌డీ నుంచి లేచినట్టే కనిపిస్తూ పాత డిస్క్‌లోని సీ నుంచే విండోస్ నడవడం. పాతది ఫార్మాట్ చేసిన రోజున అది బయటపడుతుంది. అందుకే క్లోన్ అయ్యాక తొలిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్‌ను విప్పి పక్కన పెట్టాలి. ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా లేవకపోతే పెన్‌డ్రైవ్ పెట్టి, దాని ఈఎఫ్‌ఐ పార్టిషన్ మీద బీసీడీబూట్ నడపాలి. లేచాక 'రీఏజెంట్‌సీ /ఇన్ఫో' కూడా చూసుకుని, ఆ తర్వాతే పాతదాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి తగిలించి ఖాళీ చేయాలి.